అతుకు పడని ఆకాశం

నాన్న గురక మొదలైంది. ముందు రెండు చిన్నవి, తర్వాత ఒక పెద్దది. ఆ పెద్దది వచ్చిందంటే ఇక గంటసేపు ఇల్లు కూలినా ఆయన లేవడు, ఇది మెట్లమ్మాయికి చిన్నప్పటినుంచీ తెలిసిన లెక్క. రంగుకీ ఒక లెక్కుంది. ఈ ఎండకి, కలిపి పూసిన నీలం గంటసేపే మెత్తగా ఉంటుంది, ఆ తర్వాత పాల మీద మీగడలాగా పొర కడుతుంది, పొర కట్టాక దాని పక్కన ఇంకో నీలం పెడితే రెండూ కలవవు, ఎడమొహం పెడమొహంగా ఎండిపోతాయి. ఆ ఎండిన గీతనే నాన్న అతుకు అంటాడు. నాన్న నిద్ర ఒక గంట, నీలం మెత్తదనం ఒక గంట. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి. వీధి తలుపు గడియ పెట్టింది. ఫోను దిండు కింద దోపింది. ఎవరొచ్చి పిలిచినా పలకకూడదు, పాలవాడైనా సరే, తమ్ముడైనా సరే, ఆ దేవుడే దిగొచ్చినా సరే, గంటాగే రావాలి. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఇటుక, ఇటుక రంధ్రంలో ఇనప చువ్వ, చువ్వ మీద పాత గ్లోబు. దాని ఇత్తడి వంపూ చెక్క పీటా విప్పేసి మూల పెట్టింది. మూడు గిన్నెల్లో నీలం, తెలుపు, రెండూ కలిపినది. రెండు చేతుల్లో రెండు బ్రష్షులు. కుడిచేతికి ముప్పై ఏళ్ళు దాటిన అనుభవం ఉంది, ఎడమచేతికి వారం.

మొదటి నీలం ఎక్కడ పెట్టాలో ఆలోచించనక్కర్లేదు. అరిగిన చోట పెట్టింది. గ్లోబు నెత్తికి కొంచెం కిందగా, అరచేయంత మేర, బొమ్మంతా చెరిగిపోయి లోపలి అట్ట బయటపడిన చోట. అక్కడ ఏ దేశం ఉండేదో ఇప్పుడెవరికీ తెలియదు, స్టూడియో మామయ్యకీ తెలియదు, ఆయనకి దేశాలతో ఎప్పుడూ పనిలేదు, పనంతా మొహాలతోనే. స్టూడియో మామయ్య అంటే నాన్న స్నేహితుడు, ఫోటో స్టూడియో ఆయనది. ఊళ్ళో పుట్టిన పిల్లలంతా ఒక్కసారైనా ఆయన లైట్ల కింద ఈ గ్లోబు పక్కన నిలబడ్డవాళ్ళే. చెయ్యి దానిమీద పెట్టమ్మా, ఆఁ అలా, బాగా చదువుకున్నదానిలా ఉండాలి, గడ్డం పైకి, నవ్వొద్దు, మరీ అంత ఏడుపు మొహం కూడా వద్దు. ఎన్ని చేతులు! పౌడరు చేతులు, చెమట చేతులు, ముక్కు తుడుచుకున్న చేతులు. ఒక్కొక్కటీ ఇంతింత తుడుచుకుపోతే ఒక దేశం మొత్తం పోయింది. వాటిల్లో ఆమె చెయ్యీ ఉంది, ఫోటో కోసం కాదులే, ఆమెకెవరు తీశారు ఫోటో, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఊరికే చెయ్యి ఆనించుకుని నిలబడి నాన్న పని చూసేది. నీలం ఆ అట్ట మీద చప్పున ఇంకింది. ఇంకుతుందని తెలిసే పొద్దున్నే సన్నగా జిగురునీళ్ళు పూసి ఆరబెట్టింది, అయినా దాహం తీరలేదు దానికి. ఇంకో చుక్క తాగించింది. ఇప్పుడు కుడిచెయ్యి కుడికి, ఎడమచెయ్యి ఎడమకి, రెండూ ఒకేసారి కదలాలి, ఒకదాన్ని చూసి ఇంకొకటి బెదరకుండా కదలాలి.

నాన్న అయితే ఒక్క చేత్తోనే. ఆయన తెరలు వేసేవాడు, ఫోటో స్టూడియోల్లో మనుషుల వెనక వేలాడే రంగు తెరలు. గోడంత గుడ్డ, కింది సగం మెట్లు, మెట్లకి రెండువైపులా స్తంభాలు, స్తంభాల మీద పూలకుండీలు, పై సగం ఆకాశం. కింది సగం ఆమె వేసేది, పదమూడో ఏటినుంచి. మెట్టు అంచున వెలుగు గీత, మెట్టు కింద నీడ గీత, ఎవరూ ఎక్కడానికి వీల్లేని మెట్లు వందలకొద్దీ వేసింది. అందుకే స్టూడియో మామయ్య మెట్లమ్మాయి అని పేరు పెట్టాడు, ఆ పేరే స్థిరపడిపోయింది, యాభై దాటి మోకాళ్ళ నొప్పులతో నిజం మెట్లు ఎక్కలేకపోతున్నా ఇప్పటికీ ఆమె మెట్లమ్మాయే. పై సగం మాత్రం నాన్నది. ఆకాశం జోలికి రానిచ్చేవాడు కాదు. ఎందుకు నాన్నా అంటే పొట్టిదానివి, నీకందదు అనేవాడు. బల్ల వేసుకుంటానంటే, బల్ల దిగి జరిపి మళ్ళీ ఎక్కేలోగా రంగు ఆరిపోతుందనేవాడు. ఏదడిగినా జవాబు నాలుక చివరే. ఆకాశం ఎడమ అంచున మొదలుపెట్టి కుడి అంచుదాకా ఆగకుండా పోవాలి, మధ్యలో మంచినీళ్ళు తాగకూడదు, మాట్లాడకూడదు, తుమ్మొచ్చినా దిగమింగాలి, ఆగావా, ఆగిన చోట అతుకు పడుతుంది. అంతా అయ్యాక చేతులు వెనక్కి కట్టుకుని తెర పక్కన నిలబడి వాలుగా చూసేవాడు. పక్కవెలుగులో అతుకు మెరుస్తుంది. ఎవరు వేసిన తెరైనా సరే, గడ్డంతో చూపించేవాడు. అదిగో, అక్కడ మొదలుపెట్టాడు. అదిగో, అక్కడ ఆగి బీడీ కాల్చుకున్నాడు. వేలు చూపిస్తే పొరపాటున తడి తెరకి తగులుతుందని చేతులు వెనక్కి కట్టుకోవడం అలవాటు, అంచేత గడ్డమే ఆయన వేలు. ఆ గడ్డం ఎటు తిరిగితే అటు అతుకుండేది. సాటి పెయింటర్లందరికీ ఆ గడ్డమంటే హడల్, ఆమెకి మరీను.

ఎడమచెయ్యి తడబడింది. ఏం లేదు, బ్రష్షు కాస్త ఎక్కువ తెలుపు తాగింది, అంతే, కంగారు పడకు, దాన్నే మబ్బు చేసెయ్, మబ్బు ఉన్నదెందుకు, తప్పులు కప్పెట్టడానికే కదా. ఇది నాన్న మాటే, నవ్వుతూ అనేవాడు. ఆకాశం వేసే గంట తప్ప మిగతా వేళల్లో నవ్వే మనిషే. ఆ జ్వరం రోజు నవ్వలేదు. ఆమెకప్పుడు ఇరవై ఉంటాయేమో. నాన్నకి ఒళ్ళు కాలిపోతోంది, తెల్లారితే కొత్త స్టూడియోవాళ్ళు వచ్చి తెర పట్టుకెళ్ళాలి, మెట్లూ స్తంభాలూ అయిపోయి పై సగం బోసిగా ఉంది. అమ్మ నాన్న నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. ఆమె ఎవరినీ అడగలేదు. బల్లా వేసుకోలేదు, నిచ్చెనా ఎక్కలేదు, తెరనే దించి నేలమీద పరిచింది. అంతే కదా, అందకపోతే దాన్నే కిందికి దించు, ఈ మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదేం. మోకాళ్ళ మీద పాకుతూ ఎడమ అంచునుంచి కుడి అంచుకి పోయింది, పోతున్నంతసేపూ ఊపిరి పీల్చిందో లేదో గుర్తులేదు. పొద్దున్నే నాన్న దుప్పటి కప్పుకుని వచ్చాడు. దుప్పట్లోనే చేతులు వెనక్కి కట్టుకుని తెర ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు, ఆగి కిటికీ వైపునుంచి ఇంకోసారి చూశాడు. అతుకుంది, అన్నాడు. గడ్డం మాత్రం కదల్లేదు. అతుకుందని చెప్పి, పెద్ద బ్రష్షు తీసుకుని, ఆ జ్వరంతోనే దానిమీద తన ఆకాశం వేసేశాడు. ఆమె బ్రష్షులు కడిగింది. కింద వేసినవాళ్ళు పైన వేసినవాళ్ళ బ్రష్షులు కడగాలి, అది వాళ్ళ పనిలో పద్ధతి, రోజూ కడిగినట్టే ఆ రోజూ కడిగింది. కిరసనాయిల్లో నీలం కరుగుతుంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి, ఘాటుకే అనుకుంది అమ్మ. ఎక్కడుంది అతుకు? ఇదిగో ఇక్కడ అని చూపించి ఉంటే నోరు మూసుకునేదే, చూపించలేదుగా. అప్పట్నుంచి ఆ తెరని మనసులో పరుచుకుని, ఈ మూలనుంచి ఆ మూలకి పాకుతూ వెతుకుతూనే ఉంది. దొరికి ఉంటే ఎప్పుడో మర్చిపోయేది.

దిండు కింద ఫోను మూలిగింది. తమ్ముడే అయ్యుంటాడు, ఈ వేళప్పుడు షాపులో ఈగలు తోలుకుంటూ అక్క గుర్తొస్తుంది వాడికి. మోగు నాయనా, మోగు. వాడు పొడుగ్గా పుట్టాడు, అందుకని పదిహేనేళ్ళకే పెద్ద బ్రష్షు వాడి చేతిలో పెట్టాడు నాన్న. వాడు మూడు ఆకాశాలు వేశాడు, మూడింటికీ అతుకులే, నాలుగోది వేయమంటే ఇంట్లోంచి జారుకుని సైకిలు షాపులో పనికి కుదిరాడు. ఇప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతాడు, వాటిమీద రకరకాల ఆకాశాలు అచ్చేసి ఉంటాయి, ఒక్కదానికీ అతుకుండదక్కా, నాన్నకి చెప్పు అని ఏడిపిస్తాడు. మనసు వెన్నే వెధవది. కానీ నాన్న వేసిన ఆఖరి తెర వాడి షాపు ముందు ఎండకి అడ్డంగా కట్టాడు, అడిగితే, అటకమీద ఎలకలు కొరికేకంటే నయం కదక్కా అన్నాడు. ఎండా వానా తిని నీలం తెల్లబడింది, తెలుపు పచ్చబడింది, రెండేళ్ళకి అదీ చిరిగిపోయింది. నాన్న వేసిన ఆకాశం ఈ లోకంలో ఇప్పుడెక్కడా లేదు, పాత ఫోటోల్లో జనం తలల వెనక నలుపు తెలుపుల్లో తప్ప. తెరలెవరికి కావాలి, మనిషి వెనక సముద్రం కావాలంటే సముద్రం, కొండ కావాలంటే కొండ కంప్యూటర్లో పెట్టేస్తున్నారు. స్టూడియో మామయ్య కూడా మొన్న తాళం వేసేశాడు. నీక్కావలసింది పట్టుకుపోవే మెట్లమ్మాయ్ అన్నాడు, లైట్లున్నాయి, కుర్చీలున్నాయి, పెద్ద అద్దముంది, ఆమె గ్లోబు చంకనెత్తుకుని వచ్చేసింది. ఇంత అరిగినదాన్నేం చేసుకుంటావే అన్నా వినలేదు.

ఏం చేసుకోవాలో అప్పటికి ఆమెకీ తెలియదు. కళ్ళ డాక్టరు దగ్గరనుంచి బస్సులో వస్తుంటే తెలిసింది. నాన్న ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడికన్ను అంచులనుంచి లోపలికి మూసుకుపోతోందని చెప్పాడు డాక్టరు. మధ్యలో ఒక పళ్ళెమంత మేర కనిపిస్తోంది, అదీ తగ్గుతుంది, పోయింది తిరిగి రాదు, చుక్కల మందు వేస్తూ ఉండండి, ఎన్నాళ్ళు ఆగితే అన్నాళ్ళు. నాన్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు, బయట మబ్బు పట్టి ఉంది, ఆయన మబ్బుని ముక్కలు ముక్కలుగా చూస్తున్నాడని ఆమెకి తట్టింది, పళ్ళెమంత ముక్క, దాని పక్కన ఇంకో పళ్ళెమంత ముక్క. గోడంత తెర ఇంక ఆ కంట్లో పట్టదు. గ్లోబు పడుతుంది. అంతే, బస్సు దిగేలోగా నిశ్చయమైపోయింది. ఆ కన్ను మూసుకుపోయేలోగా ఆమె వేసిన ఆకాశం ఒక్కటి అందులో పడాలి, అంచులతో సహా, మొత్తంగా పడాలి. మెచ్చుకోవాలని కాదు. సరే, మెచ్చుకోవాలనే, ఇక్కడ ఎవరున్నారని దాస్తావు. నీలం ఇప్పుడు నడుం దాకా దిగింది, గ్లోబు నడుం దాకా, రెండువైపులా సమంగానే వస్తోంది, ఎడమవైపు కొంచెం ముతగ్గా ఉంది కానీ సమంగానే వస్తోంది. వెనక సగం ఇంకా పాత సముద్రం, పాత భూమి. అంచులు తడిగా ఉన్నాయా? ఉన్నాయి. చిటికెనవేలి గోరుతో తాకి చూసింది, మెత్తగా జరిగింది.

పోయినవారం ఇంతవరకూ బాగానే వచ్చింది, అదే మోసం. తెరకి అంచులుంటాయి, ఈ అంచున మొదలెట్టి ఆ అంచుకి పోతే పని అయిపోతుంది, ఆ తర్వాతేమిటన్న ప్రశ్నే లేదు. గ్లోబుకి అంచెక్కడ? అలవాటు కొద్దీ ఎడమనుంచి కుడికి వేసుకుంటూ పోయింది, పోయి పోయి చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చింది, వచ్చేసరికి ఆ మొదలు ఆరి కూర్చుంది. తెరలు వేసి వేసి బుద్ధి బల్లపరుపైపోతే ఇలాగే ఉంటుంది. ఎంత రుద్దినా కలవలేదు, నెత్తినుంచి అడుగుదాకా పాపిడి తీసినట్టు గీత. సరిగ్గా అప్పుడే లేచొచ్చాడు నాన్న. చేతులు వెనక్కి వెళ్ళాయి, వంగాడు, గడ్డం లేచింది. అదిగో, అన్నాడు, గుండ్రంగా ఉన్నదానికి అలా వేస్తే పడక చస్తుందా. ఆ తర్వాత చెయ్యి చాచాడు. ఇటివ్వు, నేను చూస్తాను. ముప్పై ఏళ్ళ కిందటి దుప్పటి, పెద్ద బ్రష్షు, కిరసనాయిలు వాసన అన్నీ ఒక్కసారిగా ఆమె నెత్తిన పడ్డాయి. ఇవ్వలేదు. గుడ్డ కిరసనాయిల్లో ముంచి, ఆయన చూస్తుండగానే ఆకాశమంతా తుడిచేసింది. మళ్ళీ వేస్తానంది. ఎలా వేస్తావన్నాడు. ఎలాగో వేస్తానంది. నీ పంతం నీదే కదా అని గొణుక్కుంటూ గోడ తడుముకుంటూ వెళ్ళిపోయాడు. పళ్ళెమంత చూపులో కూడా అతుకు దొరికింది ఆయనకి, అది చూస్తే ఏడుపూ వచ్చింది, గొప్పగానూ అనిపించింది.

దారి చూపించింది కూడా ఆయనే, ఆయనకి తెలియకుండా. రెండురోజుల తర్వాత పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టి నాన్న తలకి నూనె పెడుతోంది. తల అనడమే గానీ పూర్తిగా గుండే. నడినెత్తిన నూనె పోసి రెండు అరచేతులూ ఆనించింది, ఒకటి కుడి చెవి మీదుగా, ఒకటి ఎడమ చెవి మీదుగా దిగాయి, మెడ వెనక కలుసుకున్నాయి. కలుసుకున్న చోట రెండు నూనెలూ తడే. చేతులు అక్కడే ఆగిపోయాయి. ఒకవైపే పోతే కదా మొదలు ఆరేది, రెండువైపులా ఒకేసారి పోతే అంచులెప్పుడూ కొత్తవే, తడి వచ్చి తడిని కలుస్తుంది. ఏమైందే ఆగావ్ అన్నాడు నాన్న. నీ గుండుకి అతుకు లేదు నాన్నా అనబోయి నాలిక్కరుచుకుంది. ఇక ఆ రోజునుంచి ఎడమచేతికి బడి. పుట్టినప్పటినుంచీ గుడ్డ పట్టుకోవడం, గిన్నె పట్టుకోవడం తప్ప ఇంకేమీ ఎరగని చెయ్యి, ఒకేసారి ఆకాశం వేయమంటే వేస్తుందా. రంగుతో నేర్పిస్తే ఆయన వాసన పట్టేస్తాడు. అందుకని బ్రష్షు నీళ్ళలో ముంచి పెరటి గోడమీద వేసేది, వేసిందల్లా ఎండకి చిటికెలో ఆవిరైపోయేది, మళ్ళీ వేసేది. ఏమిటా చప్పుడు అంటే గోడ కడుగుతున్నానంది. రోజూ గోడ కడిగే ఇల్లాలిని ఇప్పుడే చూస్తున్నా అన్నాడు మంచంలోంచి. ఆయనకి అనుమానం వచ్చిందో రాలేదో ఇప్పటికీ తెలియదు.

తలుపు చప్పుడు. వదినా, ఓ వదినా, ఉన్నావా అని పక్కింటావిడ. లేను తల్లీ, నేను లేను, ఆకాశంలో ఉన్నాను, తర్వాత రా. రెండోసారి కొట్టి, నిద్రపోతోంది కాబోలు అని తనలో తనే అనుకుని వెళ్ళిపోయింది మహాతల్లి. ఇప్పుడు మబ్బులు. మబ్బు బ్రష్షుతో వచ్చేది కాదు, గుడ్డ ఉండచుట్టి తడి నీలం మీద తెల్లగా అద్ది మణికట్టు తిప్పాలి, తిప్పీ తిప్పనట్టు తిప్పాలి, ఎక్కువ తిప్పితే దూదిపింజ అవుతుంది. రెండు చేతులూ ఖాళీ లేవు, గుడ్డ పళ్ళతో పట్టుకుని మణికట్టుకి బదులు మెడ తిప్పింది. నోట్లో రంగు చేదు దిగుతోంది. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. నాన్న ఆకాశం కిందికి వచ్చేకొద్దీ పల్చబడేది, మెట్లు మొదలయ్యే చోట తెల్లగా పొగమంచులా అయిపోయేది, ఆ తెల్లదనం మీదే ఆమె మెట్ల వెలుగు గీత పడేది, ఆయన ఎక్కడ ఆపితే అక్కడ ఆమె మొదలు. ఇవాళ పొద్దున్నదాకా ఆ తెల్లదనం ఎక్కడ పెట్టాలా అని తల బద్దలుకొట్టుకుంది. దీనికెక్కడా పెట్టనక్కర్లేదు. దీనికి కింది సగం లేదు. ఎవరి కాళ్ళూ ఉండవు, మెట్లుండవు, కుండీలుండవు, ఎటు తిప్పినా ఆకాశమే, అడుగున చువ్వ దిగిన చోట కూడా ఆకాశమే. ఆ మాట మనసులో అనుకోగానే ఎడమచేతి తడబాటు తగ్గింది, లేక అలా అనిపించిందో. భుజాలు లాగేస్తున్నాయి. లాగనీ. మోకాళ్ళు కూర్చోమంటున్నాయి. కూర్చోవడం కుదరదని చెప్పు వాటికి.

ఒక దోమ వచ్చి తడి మీద వాలింది. ఎంత చోటుంది నీకు ఇంట్లో, ఇక్కడే దొరికిందా? బ్రష్షు కొసతో రెక్క ఊడకుండా లేపి, ఆ గుంటని ఊపిరి బిగబట్టి పూడ్చింది. వెనకవైపు ఇంక రెండు అరచేతులంత సముద్రం మిగిలింది. పాత అచ్చు నీలం, ఎండి పగుళ్ళిచ్చిన నీలం, మధ్యలో చిన్న ద్వీపం, దాని పేరు సగం చెరిగిపోయి ఒకటి రెండు అక్షరాలే మిగిలాయి. కుడినుంచి ఒక అంచు, ఎడమనుంచి ఒక అంచు దానిమీదికి వస్తున్నాయి. అప్పుడే గురక ఆగింది. చేతులు ఆగలేదు. ఆగకూడదు, ఆగావా, అంతే సంగతులు. మంచం కిర్రుమంది. నాన్న ఒకసారి దగ్గాడు, ఇంకోసారి దగ్గాడు, కాళ్ళు నేలమీద చెప్పుల కోసం వెతుకుతున్న చప్పుడు. ఇంకా గంట కాలేదే, ఇన్నేళ్ళ లెక్క ఇవాళే తప్పాలా. ఒక అరచేయంత. చెప్పులు దొరికినట్టున్నాయి. సగం అరచేయంత. తొందరపడితే బ్రష్షు వెంట్రుకలు విడిపోతాయి, నెమ్మదించితే అంచు ఆరుతుంది, తొందరా కాదు, నెమ్మదీ కాదు, నూనె దిగినట్టు దిగాలి. ద్వీపం మీదికి నీలం వచ్చింది. మొదటి అక్షరం పోయింది, రెండోదీ పోయింది. రెండు బ్రష్షులూ ఒకదాన్నొకటి తగిలి, ఒక్క క్షణం అక్కడే ఉండి, పక్కపక్కనుంచి జారిపోయాయి. ఏది కుడిచేతి నీలమో, ఏది ఎడమచేతిదో ఆమెకే తెలియలేదు. నోట్లో గుడ్డ తీసి చివరి మబ్బు అక్కడ పెట్టబోయి, వద్దులే అని మానేసింది. కప్పెట్టడానికి అక్కడేమీ లేదు.

నాన్న గోడ తడుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. వాసన తగలగానే మొహం కిటికీ వైపు తిరిగింది. చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి, బల్ల దగ్గరికి వచ్చి వంగాడు, మరీ దగ్గరికి పోయి, మళ్ళీ కొంచెం వెనక్కి జరిగి, ఆ పళ్ళెమంత చూపులో గ్లోబు సరిగ్గా ఇమిడేచోట ఆగాడు. తిప్పమన్నాడు. ఆమె ఇటుక రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పింది. కిటికీ వెలుగు నీలం మీద జారుతూ పోయింది. చుట్టు పూర్తయింది. మళ్ళీ తిప్పమన్నాడు, ఇంకా మెల్లగా అన్నాడు. ఒకచోట గడ్డం లేచింది. ఆయన ఆగమని వంగి, పక్కనుంచి చూసి, ముక్కు దాదాపు రంగుకి తగిలేలా చూసి, వెనక్కి వచ్చేశాడు. గడ్డం కిందికి దిగింది. మూడోసారి తానే చువ్వ అడుగుని వేళ్ళతో పట్టి తిప్పుకున్నాడు. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"ఎక్కడ మొదలుపెట్టావ్?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టారో ఆయన చెప్పేవాడు, అడిగేవాడు కాదు. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, ఈసారి కిరసనాయిలు మీద నెట్టడానికి అమ్మ కూడా లేదు. అరిగిపోయిన ఆ అరచేయంత చోటు నీలం అడుగున ఎక్కడుందో ఆమెకి తెలుసు, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టగలదు.

"చెప్పను," అంది.

నాన్న తలూపాడు. చెప్పదని ముందే తెలిసినట్టు ఊపాడు.

"ఆ జ్వరం రోజు కూడా చెప్పలేదు నువ్వు."

ఆమె చేతుల్లో ఇటుక కదిలింది. పరిచిన తెర, దుప్పటి, కదలని గడ్డం. ఇన్నేళ్ళూ తను పాకుతూ వెతికిన ఆ గుడ్డమీదే ఈయనా పాకుతున్నాడన్నమాట, ఇంకో చివరినుంచి, ఈయనకీ అతుకు దొరకలేదన్నమాట. కోపం వచ్చింది, నిజంగా కోపమే, ముప్పై ఏళ్ళు ఎక్కడ పెట్టుకున్నావీ మాట అని అరవాలనిపించింది. కానీ నోటికొచ్చింది మామూలుగానే వచ్చింది.

"నువ్వడగలేదు నాన్నా."

ఆయన కుడిచెయ్యి ముందుకి చాచి, ఇటివ్వు, అన్నాడు. బల్లమీది బ్రష్షులు ఎప్పుడు అందుకుందో, రెండూ వీపు వెనక దాచేసింది, జాకెట్టుకి నీలం అంటుకున్నా వదల్లేదు. ఇవ్వను, ఒక్క గీత కూడా పెట్టనివ్వను, ఇది నాది. ఆయన చెయ్యి అలాగే చాచి ఉంది.

"నీ ఆకాశంతో నాకేం పనే. బ్రష్షులిటివ్వు. పొర కట్టేస్తోంది, కడిగి తెస్తా."

మాట చెవుల్లోంచి లోపలికి దిగడానికి కాస్త టైము పట్టింది. ఆ తర్వాత ఒకటి, దాని తర్వాత ఇంకొకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండింటి వెంట్రుకలూ బొటనవేలితో నొక్కి చూసి, ఒకచేత్తో వాటిని పట్టుకుని, ఇంకోచేత్తో గోడ తడుముకుంటూ పెరటి వైపు నడిచాడు. గడపుంది, చూసుకో అంది. తెలుసులే అన్నాడు. పెరట్లో కిరసనాయిలు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.